ఎనిమిది వేల అప్రెంటిసా, పద్నాలుగు వేల కాంట్రాక్టు పనా?

ప్రశ్న: మా తమ్ముడు ఐటీఐలో రెండేళ్ల ఫిట్టర్ ట్రేడ్ పూర్తి చేశాడు. మాది అనకాపల్లి దగ్గర ఊరు. అచ్యుతాపురం వైపు మెషీన్ విడిభాగాలు చేసే ఒక కంపెనీ ఏడాది పాటు అప్రెంటిస్‌గా తీసుకుంటామంటోంది, నెలకు 8,050 ఇస్తారట. అదే చోట కాంట్రాక్టర్ కింద చేరితే 14,000 వస్తుంది. నాన్నగారు పద్నాలుగు వేలకే వెళ్లమంటున్నారు. ఈమధ్య ఎక్కడ చూసినా అప్రెంటిస్‌షిప్ ప్రకటనలే కనిపిస్తున్నాయి, ప్రభుత్వ స్కీమ్ అంటున్నారు. నిజంగా పనికొస్తుందా, లేక తక్కువ డబ్బుకు పని చేయించుకునే ఎత్తా?

జవాబు:

రెండూ ఉన్నాయండీ. మీ తమ్ముడికి వచ్చింది వాటిలో ఏదో తెలియాలంటే ఒప్పందం కాగితంలో ‘ట్రేడ్’ అన్న గడిలో ఏం రాశారో చూడాలి. అక్కడ ‘ఫిట్టర్’ అని ఉంటే కూర్చుని ఆలోచించదగ్గ విషయమే. ‘అసెంబ్లీ ఆపరేటర్’ లాంటి మాట ఉంటే నాన్నగారు చెప్పినట్టు పద్నాలుగు వేలకే పంపండి. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి, ఓపిగ్గా చదవండి.

నేను విశాఖలో ఒక పెద్ద ప్రభుత్వ రంగ కర్మాగారం ట్రైనింగ్ సెంటర్‌లో ఇరవై ఆరేళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఆటోనగర్‌లో చిన్న యూనిట్లవాళ్లకు అప్రెంటిస్ పోర్టల్ (ఒప్పందాలు రిజిస్టర్ చేసే ప్రభుత్వ వెబ్‌సైట్) పనులు చేసిపెడుతుంటాను. అంటే బల్లకు రెండు వైపులా కూర్చున్నవాణ్ని. కుర్రాళ్ల లెక్క తెలుసు, ఓనర్ల లెక్కా తెలుసు.

ఓనర్ లెక్కతోనే మొదలుపెడతాను. ప్రకటనలు ఇంతలా ఎందుకు పెరిగాయో అందులోనే ఉంది. కాంట్రాక్టు మనిషికి 14,000 ఇస్తే, దాని మీద పీఎఫ్ కింద యాజమాన్యం వాటా, చార్జీలతో కలిపి సుమారు 13 శాతం, ఈఎస్ఐ 3.25 శాతం కట్టాలి. మొత్తం పదహారు వేలు దాటుతుంది. కాంట్రాక్టర్ కమిషన్ దానికి అదనం. అదే మీ తమ్ముణ్ని అప్రెంటిస్‌గా తీసుకుంటే 8,050లో 1,500 కేంద్రమే ఇస్తుంది. కంపెనీ చేతి నుంచి పోయేది 6,550. అప్రెంటిస్ చట్టం కింద చేరినవాడికి పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. ఏడాది తర్వాత ఉద్యోగం ఇవ్వాలన్న బాధ్యతా లేదు. మనిషికి నెలకు దాదాపు పదివేలు మిగులుతాయి. యాభై మందిని పెట్టుకుంటే ఎంతో మీరే వేసుకోండి. ఆ లెక్క చూశాక నేర్పించాలన్న బుద్ధి పుట్టే ఓనర్లూ ఉన్నారు, నేర్పించకుండానే సరిపెట్టేవాళ్లూ ఉన్నారు.

ఇది ఎప్పుడూ ఇలా లేదు. అప్రెంటిస్‌ల చట్టం వచ్చింది 1961లో. భిలాయ్, రూర్కెలా, దుర్గాపూర్ ఉక్కు కర్మాగారాలు అప్పుడప్పుడే వేడెక్కుతున్న రోజులవి. మెషీన్లు వేరే దేశాల నుంచి వచ్చాయి కానీ వాటిని విప్పి బిగించే చేతులు ఇక్కడే తయారవ్వాలి కదా. అందుకని ఫలానా పరిశ్రమలో ఇంతమంది పనివాళ్లకు ఇంతమంది అప్రెంటిస్‌లు ఉండి తీరాలని చట్టం చేశారు. 1973లో సవరించి ఇంజనీరింగ్ డిగ్రీ, డిప్లొమా వాళ్లనూ చేర్చారు. ప్రభుత్వ రంగ సంస్థలు, రైల్వేలు దీన్ని గట్టిగానే పట్టించుకున్నాయి. ప్రైవేటు వాళ్లు మాత్రం అప్రెంటిస్ అంటే ఆమడ దూరం జరిగేవారు. చట్టం తప్పితే యజమానికి ఆరు నెలల దాకా జైలు అని రాసి ఉండేది. నా సర్వీసులో దాని కింద జైలుకెళ్లిన ఓనర్ని ఒక్కణ్నీ చూడలేదు, కానీ ఇన్‌స్పెక్టర్ వచ్చి బెదిరించడానికి మాత్రం ఆ సెక్షన్ బాగా పనికొచ్చేది. దేశం మొత్తం మీద 4.9 లక్షల సీట్లుంటే 2.82 లక్షలే నిండాయని 2014లో ప్రభుత్వమే ఒప్పుకుంది.

2014 డిసెంబరులో చట్టం మారింది. జైలు తీసేశారు. ఇప్పుడు తక్కువైన ఒక్కో అప్రెంటిస్‌కు నెలకు ఇంత అని జరిమానా, మొదటి మూడు నెలలు 500, ఆ తర్వాత 1,000. ట్రేడ్‌కు ఇన్ని అని సీట్లు లెక్కపెట్టే పద్ధతి పోయి, మొత్తం సిబ్బందిలో ఇంత శాతం అన్న లెక్క వచ్చింది. 2019లో రూల్స్ మార్చి ఆ శాతాన్ని 2.5 నుంచి 15 దాకా పెట్టారు, ఆ మొత్తంలో కాంట్రాక్టు సిబ్బందీ లెక్కలోకి వస్తారు. ముప్ఫై మంది, అంతకుమించి ఉన్న సంస్థ అప్రెంటిస్‌లను తీసుకుని తీరాలి. నలుగురి నుంచి ఇరవై తొమ్మిది మంది ఉన్న చోట ఇష్టమైతే తీసుకోవచ్చు.

అన్నిటికంటే పెద్ద మార్పు ‘ఆప్షనల్ ట్రేడ్’. ఫిట్టర్, టర్నర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్ లాంటివి చట్టం కింద గుర్తించిన పాత ట్రేడ్‌లు, వాటికి సిలబస్, కాలం, పరీక్ష అన్నీ ఖాయంగా ఉంటాయి. ఆప్షనల్ ట్రేడ్ అంటే కంపెనీ తన అవసరానికి తగ్గట్టు రూపొందించుకునేది. సూపర్ మార్కెట్‌లో బిల్లింగ్, గోదాములో సరుకు సర్దడం, కాల్ సెంటర్, లైన్ మీద బిగింపు పని అన్నీ ఇందులోకి వచ్చాయి. ఇది పూర్తిగా చెడ్డదని నేననను. బీఏ, బీకాం చదివిన పిల్లలకు ఇంతకుముందు ఈ తలుపు అసలు లేదు. స్టేట్ బ్యాంక్ 2023లో 6,160 మంది డిగ్రీవాళ్లను నెలకు 15,000 ఇచ్చి అప్రెంటిస్‌లుగా పిలిచింది. కానీ ఐటీఐలో రెండేళ్లు ఫిట్టర్ చదివినవాణ్ని తీసుకెళ్లి ఆప్షనల్ ట్రేడ్‌లో కూర్చోబెట్టడం వేరే సంగతి.

మీరు వింటున్న ‘స్కీమ్’ 2016 ఆగస్టులో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం. అందరూ నాప్స్ అంటారు. స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 మించకుండా కేంద్రం భరిస్తుంది. అప్పట్లో పదివేల కోట్లు పెట్టి 2019-20కల్లా 50 లక్షల మందిని చేరుస్తామన్నారు. 2025 మే నాటికి చేరినవాళ్లు 43 లక్షలకు పైన. గడువు దాటి ఐదేళ్లయినా అనుకున్నది అందలేదు, అయినా పాత రోజులతో పోలిస్తే అది చిన్న సంఖ్య కాదు. ఒక్కటి గుర్తుంచుకోండి, ఇది చేరినవాళ్ల లెక్క. పరీక్ష దాకా ఉండి సర్టిఫికెట్ చేతికి తెచ్చుకున్నవాళ్లు అంతమంది లేరు, చాలా తక్కువ. పేపర్లో వార్త వచ్చినప్పుడు మొదటి సంఖ్యే పెద్ద అక్షరాల్లో ఉంటుంది.

ఇక నేర్చుకోవడం అంటే ఏమిటో చెప్తాను, లేకపోతే ఈ లెక్కలన్నీ గాల్లో ఉంటాయి.

మా ట్రైనింగ్ సెంటర్‌లో కొత్త బ్యాచ్ వస్తే ఫిట్టర్ కుర్రాళ్లకు మొదటి మూడు వారాలు ఒకటే పని. చేతికి ఒక ఇనప ముక్క ఇచ్చి, బెంచ్ వైస్‌లో బిగించి, ఆకురాయితో అరగదీయమనేవాళ్లం. నాలుగు అంచులూ తిన్నగా, మూలలు సరిగ్గా తొంభై డిగ్రీలు రావాలి. ఐటీఐలో ఇదంతా చేసొచ్చాం సార్ అని మొదటిరోజు అందరూ నవ్వేవాళ్లు. మూడో రోజుకు అరచేతులు బొబ్బలెక్కేవి. ఒక సీనియర్ ఇన్‌స్ట్రక్టర్ ఉండేవారు, నా కంటే పదేళ్లు పెద్ద. కుర్రాడు ముక్క తెస్తే దాన్ని పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లేవారు. ట్రై స్క్వేర్ (మూల తొంభై డిగ్రీలుందో చూసే మూలమట్టం) ఆనించి కంటి ఎత్తుకు లేపి వెలుగుకు పట్టేవారు. ఇనుముకీ స్క్వేర్‌కీ మధ్య వెలుగు గీత కనిపిస్తే, ఒక్క మాట అనకుండా ముక్కను మళ్లీ కుర్రాడి చేతిలో పెట్టేవారు. తిట్టడం లేదు, ఎక్కడ తప్పో చెప్పడమూ లేదు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు ఒకే ముక్కతో పద్దెనిమిది సార్లు వెనక్కి వెళ్లాడు. పద్దెనిమిదో సారి కోపంతో కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పంతొమ్మిదోసారి తను తెచ్చేముందే కిటికీ దగ్గరికెళ్లి తనే చూసుకుని, మాకు చూపించకుండా తిరిగి వైస్ దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ రోజు సాయంత్రం ఆ పెద్దాయన నాతో, వీడికి వచ్చేసింది అన్నారు. ముక్క ఇంకా సరిగ్గా రాలేదు. తప్పు తన కంటికి తనకే కనిపించడం మొదలైంది, ఆయన అన్నది అది. అదే కుర్రాడు ఆరేళ్ల తర్వాత మెయింటెనెన్స్‌లో బేరింగ్ హౌసింగ్ మీద చెయ్యి పెట్టి, రీడింగ్ తీయకముందే ఇది రేపటిదాకా ఉండదు అని చెప్పేవాడు.

దీనికి రెండో వైపు కూడా చూశాను. పోయినేడాది ఒక తండ్రి కొడుకును వెంటబెట్టుకుని మా ఆటోనగర్ షాపుకు వచ్చాడు. కుర్రాడు ఒక ప్రైవేటు యూనిట్‌లో పదకొండు నెలలు అప్రెంటిస్. లాగ్ బుక్ తీయమన్నాను. పదకొండు నెలల పేజీలు ఒకే నీలం పెన్నుతో, ఒకే ఒరవడిలో ఉన్నాయి. ఒక్క పూట కూర్చుని రాసినట్టు తెలిసిపోతోంది. ప్రతి వారం ఒకే వాక్యం, ‘మెషీన్ ఆపరేషన్ నేర్చుకున్నాను’ అని. సూపర్‌వైజర్ సంతకాలూ అంతే. అసలు ఏం చేస్తావు బాబూ అంటే, ప్రెస్ దగ్గర నిలబడి ముక్క పెట్టడం, బటన్ నొక్కడం, తీసి ట్రేలో వేయడం అన్నాడు. మందం కొలిచే వెర్నియర్ చేతికిచ్చి బల్ల మీదున్న బోల్టు మందం చెప్పమన్నాను. దాన్ని అటూ ఇటూ తిప్పి నా మొహం చూశాడు. ఐటీఐలో నేర్చుకున్నదీ పోయింది. తండ్రి కోపమంతా స్టైపెండ్ రెండు నెలలు ఆలస్యమైందని. నాకు బాధేసింది దానికి కాదు, అది అడిగితే వస్తుంది.

ఆ పదకొండు నెలలు ఎందుకు తిరిగి రావో కూడా చెప్పాలి. చాలామందికి తెలియని విషయం ఇదే, మీ తమ్ముడి నిర్ణయం దీని మీదే ఆధారపడాలి. రైల్వేలు, ప్రభుత్వ రంగ సంస్థలు అప్రెంటిస్ నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు, ఇంతకుముందే ఎక్కడైనా అప్రెంటిస్‌షిప్ చేసినవాళ్లు, ఇప్పుడు చేస్తున్నవాళ్లు అనర్హులు అని రాస్తారు. పోర్టల్‌లో ఆధార్‌తో పేరెక్కాక దాచడం కుదరదు. అంటే ఈ అవకాశం మీ తమ్ముడికి దాదాపు ఒక్కసారే. దాన్ని ఎక్కడ ఖర్చు పెడతాడన్నది ఎనిమిది వేలా, పద్నాలుగు వేలా అన్నదానికంటే పెద్ద ప్రశ్న.

మన చుట్టుపక్కల ఏమున్నాయో ఒకసారి చూడండి. దక్షిణ మధ్య రైల్వే 2024 డిసెంబరు చివర్లో 4,232 మంది అప్రెంటిస్‌లకు నోటిఫికేషన్ ఇచ్చింది. లాలాగూడ, రాయనపాడు, తిరుపతి వర్క్‌షాపులు అప్పటికి దాని కిందివే. పరీక్ష ఉండదు, ఇంటర్వ్యూ ఉండదు. పదో తరగతి మార్కులు, ఐటీఐ మార్కులు కలిపి సగటు తీసి మెరిట్ లిస్టు వేస్తారు. కాబట్టి రైల్వే అప్రెంటిస్ ఇప్పిస్తానని లక్షలు అడిగేవాడు కనిపిస్తే వాడితో మాట్లాడటం కూడా అనవసరం. రైల్వేలో అప్రెంటిస్‌షిప్ పూర్తి చేసి జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లకు లెవెల్-1 (పాత గ్రూప్-డి) ఉద్యోగాల భర్తీలో 20 శాతం కేటాయింపు ఉంది. పరీక్ష అందులోనూ రాయాల్సిందే, కానీ పోటీ పడే గుంపు చిన్నదవుతుంది. విశాఖలో మీకు దగ్గరగా నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూల్ ఉంది, దానికి రాతపరీక్ష. హిందుస్థాన్ షిప్‌యార్డ్, స్టీల్ ప్లాంట్, హెచ్‌పీసీఎల్ రిఫైనరీ ఉన్నాయి. హైదరాబాద్ వైపు వెళ్లగలిగితే బీడీఎల్, మిధాని, ఈసీఐఎల్, బీహెచ్‌ఈఎల్, న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ లాంటి కేంద్ర ప్రభుత్వ సంస్థలున్నాయి. వీటిలో ఒక్కోదానికి ఒక్కో కాలంలో ప్రకటన వస్తుంది, కొన్ని ఏడాదికోసారే.

ఉద్యోగం గ్యారంటీ ఎక్కడా లేదు. శిక్షణ పూర్తిచేసినవాళ్లను ఉద్యోగంలోకి తీసుకునే విధానం యజమానే పెట్టుకోవాలని 2014 సవరణ తర్వాత చట్టం చెప్తుంది. కాకపోతే 1995లో ఉత్తరప్రదేశ్ ఆర్టీసీ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. మిగతావన్నీ సమానంగా ఉన్నప్పుడు, నేరుగా వచ్చినవాడి కంటే ఆ సంస్థలో శిక్షణ పొందినవాడికి ప్రాధాన్యం ఇవ్వాలని, శిక్షణ తీసుకున్న కాలం మేరకు వయసులో సడలింపు ఇవ్వాలని. దీన్ని చూపించి నాకు ఉద్యోగం ఇవ్వాల్సిందే అని వాదించేవాళ్లున్నారు. కోర్టు అలా అనలేదు.

ప్రైవేటు అంతా వ్యర్థమని మాత్రం అనుకోకండి. మంచి టూల్ రూమ్ (అచ్చులు, పనిముట్లు తయారుచేసే విభాగం) ఉన్న చిన్న యూనిట్, పదిహేను మంది పనివాళ్లు, ఒక పాత మేస్త్రి ఉన్న చోట ఏడాది చేస్తే పెద్ద ప్లాంటులో రెండేళ్లలో రాని పని వస్తుంది. పెద్ద చోట కుర్రాణ్ని పట్టించుకునేవాడు లేక నెలల తరబడి టీ తెచ్చిపెట్టిన కేసులూ ఉన్నాయి, మా దగ్గరే జరిగాయి, దాచడమెందుకు. కంపెనీ పేరు చూసి మోసపోకండి. మీ తమ్ముడు ఎవరి పక్కన నిలబడతాడో ఆ మనిషిని చూడండి.

డబ్బు సంగతికి వద్దాం. 8,050 అన్నది కంపెనీ ఇష్టంగా చెప్పిన అంకె కాదు. 2019 రూల్స్ ప్రకారం ఐటీఐ సర్టిఫికెట్‌కు కనీసం 7,000. రెండేళ్ల ట్రేడ్ చదివినవాణ్ని మూడో ఏడాది అప్రెంటిస్‌గా లెక్కేసి 15 శాతం కలుపుతారు, అది 8,050. ఇది కనీసం మాత్రమే, ఎక్కువ ఇవ్వడానికి అడ్డేమీ లేదు. ఈ కనీస స్టైపెండ్‌లను 36 శాతం పెంచమని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫారసు చేసింది. కాబట్టి ఒప్పందంలో ఏ అంకె ఉందో, అది ఆ రోజు అమల్లో ఉన్న కనీసానికి తగ్గలేదు కదా అన్నది పోర్టల్‌లో చూసుకోండి.

2023 నుంచి కేంద్రం ఇచ్చే 1,500 కంపెనీకి వెళ్లడం లేదు, నేరుగా కుర్రాడి ఖాతాలో పడుతుంది. దీనివల్ల ఒక కొత్త గొడవ వచ్చింది. బ్యాంకు ఖాతాకు ఆధార్ సరిగ్గా లింక్ కాకపోతే ఆ డబ్బు ఆగిపోతుంది, కుర్రాడేమో కంపెనీ పదిహేను వందలు కోసేసిందని పోట్లాటకు దిగుతాడు. నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు ఇవే. చేరకముందే బ్యాంకుకు వెళ్లి లింక్ అయిందో లేదో అడగమనండి. కంపెనీ వాటా మాత్రం తర్వాతి నెల పదో తారీఖులోపు పడాలి, అది రూలు.

ఇంటి నుంచి వెళ్లొచ్చే దూరమా, గది తీసుకోవాలా అన్నది కూడా చూడండి. గది అద్దె, మెస్ కలిపితే ఎనిమిది వేలలో చేతికి మిగిలేది సెల్ రీచార్జికి. ఇంట్లో అప్పు ఉండి, తమ్ముడి జీతం మీదే నెల గడవాలంటే నేను చెప్పేదంతా పక్కనపెట్టి పద్నాలుగు వేలకు పంపండి. అందులో తప్పేం లేదు. నాన్నగారు అలా అంటున్నారంటే ఆయన లెక్క ఆయనకు ఉంటుంది, ఒకసారి నెమ్మదిగా అడిగి చూడండి. కాంట్రాక్టు పని చేస్తూ కూడా రైల్వేకి, డాక్‌యార్డ్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అర్హత పోగొట్టేది అప్రెంటిస్‌గా పేరెక్కడం.

చేరాక ఏం జరిగితే ఒప్పుకోకూడదో కూడా తెలిసి ఉండాలి. పీస్ లెక్కన, అంటే ఎన్ని ముక్కలు చేస్తే అంత అని అప్రెంటిస్‌కు డబ్బు ఇవ్వకూడదు, చట్టంలో స్పష్టంగా ఉంది. అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ (ఈ చట్టం అమలు చూసే ప్రభుత్వ అధికారి) అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదు. పీఎఫ్, ఈఎస్ఐ లేవన్నాను కదా, అయినా పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారం కంపెనీయే చెల్లించాలి, నువ్వు వర్కర్‌వి కాదు అని తప్పించుకోవడం కుదరదు. ప్రెస్‌ల దగ్గర వేళ్లు పోతాయి, అందుకే ఇది చెప్తున్నాను. కంపెనీ తన తప్పుతో ఒప్పందాన్ని మధ్యలో తెంచితే మూడు నెలల స్టైపెండ్ ఇవ్వాలి. పేచీ వస్తే అడ్వైజర్ దగ్గరికే వెళ్లాలి. ఆయన్ను ఎలా పట్టుకోవాలో మీ దగ్గర్లోని ప్రభుత్వ ఐటీఐలో అడిగితే చెప్తారు. లేబర్ ఆఫీసుకు పోతే ఇది మా పరిధి కాదని పంపేస్తారు, ఒక రోజు వృథా.

ఇవన్నీ వర్తించాలంటే ఒప్పందం పోర్టల్‌లో రిజిస్టర్ అయి ఉండాలి. ‘ట్రైనీ’ అని కంపెనీ లెటర్‌హెడ్ మీద ఒక కాగితం ఇచ్చి అదే అప్రెంటిస్‌షిప్ అని చెప్పేవాళ్లున్నారు. అది ఈ చట్టం కిందికి రాదు. పోర్టల్‌లో మీ తమ్ముడి లాగిన్‌లో ఒప్పందం కనిపించాలి, అందులో తన ఆమోదం ఉండాలి, ఒక నంబరు ఉండాలి. అది లేనంతవరకు ఎన్ని నెలలు చేసినా ట్రేడ్ టెస్టుకు, అంటే చివర్లో సర్టిఫికెట్ కోసం రాసే పరీక్షకు పిలుపు రాదు.

మీ వాళ్లలో ఎవరైనా డిప్లొమా, డిగ్రీ చేసినవాళ్లుంటే వాళ్ల దారి వేరు. అది నాట్స్ అని విద్యాశాఖ నడిపే పథకం. మన రెండు రాష్ట్రాలకూ చెన్నైలోని దక్షిణ ప్రాంత బోర్డు చూస్తుంది. ఏడాది కాలం, కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రానిది. 2024లో వచ్చిన పీఎం ఇంటర్న్‌షిప్ అసలు ఈ చట్టం కిందికే రాదు, మొదలైనప్పుడు నెలకు 5,000, పెద్ద కంపెనీల్లో ఏడాది. అది చేసి ఫిట్టర్ అప్రెంటిస్ సర్టిఫికెట్ వస్తుందనుకుంటే రాదు. మూడింటినీ కలిపి ఒకటే అని చెప్పే యూట్యూబ్ వీడియోలు చూసి చాలామంది గందరగోళపడుతున్నారు.

ఈ వారంలో మీరు చేయాల్సింది చెప్తాను. తమ్ముణ్ని ఆ కంపెనీ గేటు దగ్గరికి షిఫ్టు వదిలే టైముకు పంపండి. లోపల ఇంటర్వ్యూ చేసినవాళ్లను అడగొద్దు, బయటికొచ్చే పాత అప్రెంటిస్ కుర్రాళ్లను ఇద్దరు ముగ్గుర్ని టీ తాగుదాం రమ్మని అడగమనండి. ఒక్కటే ప్రశ్న చాలు, పోయిన మూడు నెలల్లో ఏయే సెక్షన్‌లలో పనిచేశావు అని. మూడు నెలలూ ఒకే మెషీన్ అన్నాడంటే ఇక కనుక్కోవాల్సిందేమీ లేదు. లేత్ దగ్గర కొన్నాళ్లు, మెయింటెనెన్స్‌లో కొన్నాళ్లు, టూల్ రూమ్‌లో కొన్నాళ్లు అంటే చేరడానికి ఆలోచించవచ్చు. వాళ్లలో పోయినేడాది ట్రేడ్ టెస్ట్ రాసినవాడు దొరికితే ఇంకా మంచిది, వాడి దగ్గర సర్టిఫికెట్ ఉందో లేదో అడగమనండి.

తర్వాత కంపెనీని ఒప్పందం ముసాయిదా చూపించమని అడగండి. ఇవ్వనంటే అదే జవాబు. ఇస్తే ట్రేడ్ పేరు, ఎన్ని నెలలు, ఏయే విభాగాల్లో అన్న మూడు వివరాలూ నాకు రాసి పంపండి, చూసి చెప్తాను. ఫోటో పెట్టేటట్టయితే ఆధార్ నంబరు మీద కాగితం కప్పి తీయండి.